మెయిల్ వస్తోంది, ఫ్యాన్లు ఆపండి

ఒక మే నెల పొద్దున చోడవరంలో మా వీధి వీధంతా, కరెంటు ఉండి కూడా ఉక్కలో ఉడికిపోయింది. కరెంటు పోయి ఉడకడం మాకు కొత్త కాదు. కరెంటు నిక్షేపంగా ఉండగా, స్విచ్చులన్నీ తమ చేతులతో తామే ఆపుకుని, అరుగుల మీద విసనకర్రలు పుచ్చుకుని ఉడకడం మాత్రం అదే మొదలు, అదే ఆఖరు. ఆ ఘనత పూర్తిగా నాది. అందులో ఎవరికీ వాటా ఇవ్వను. సంగతి విన్నాక మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి. మా అక్క కూడా ఇప్పుడు నవ్వుతుంది. ఆ రోజు నవ్వలేదు.

అవి తొంభైల ఆఖరి రోజులు. మా అక్క సువార్త టైపు ఇన్‌స్టిట్యూటులోకి కాపురానికి వచ్చింది. నేను పొరపాటున రాయలేదు, నిజంగా టైపు ఇన్‌స్టిట్యూటులోకే. ముందు గదిలో టైపు మిషన్లు, వెనక గదుల్లో కాపురం. బావ విశాఖపట్నంలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ, ఆదివారం ఆరాధన వేళకి వచ్చి సోమవారం తెల్లారేసరికి బస్సెక్కేసేవాడు. మిగతా రోజుల్లో ఇంటికి పెద్ద దిక్కు బావ నాన్నగారు, దానియేలు మాస్టారు. చోడవరం నుంచి వడ్డాది దాకా ఏ ఆఫీసులో టైపు చప్పుడు వినిపించినా, ఆ వేళ్ళు ఒకప్పుడు ఆయన స్కేలు దెబ్బలు తిన్నవే.

కంప్యూటర్లొచ్చాక టైపుకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అక్క కంప్యూటర్ డిప్లొమా చదివింది. అందుకని సగం మిషన్లు గోడవారకి జరిపించి, మూడు కంప్యూటర్లు పెట్టి, పైన "కంప్యూటర్ సెంటర్" అని బోర్డు కట్టించింది. అయితే బోర్డు కడితే సరిపోదు. విజయవాడలో ఉన్న హెడ్డాఫీసు వాళ్ళు తనిఖీ చేసి గుర్తింపు ఇస్తేనే ఇక్కడ నేర్చుకున్న పిల్లల సర్టిఫికెట్లకి విలువ. ఇవ్వకపోతే బోర్డు దించుకోవాలి, కంప్యూటర్లు అమ్ముకోవాలి, చేరిన పిల్లల ముఖం చూడలేక అక్క తలుపు వేసుక్కూర్చోవాలి. "గుర్తింపు ఎప్పుడొస్తాదక్కా?" అని పిల్లలు రోజూ అడిగేవారు. "ఈ వారమే" అని అక్క రోజూ చెప్పేది. చర్చిలో ప్రార్థన విన్నపాలు చెప్పమన్నప్పుడల్లా లేచి "మా సెంటరు గుర్తింపు కోసం, మా వీధి వోల్టేజీ కోసం" అనేది. పాస్టరుగారు మొదటిదాని కోసం ప్రార్థించి, రెండోదాని దగ్గర కొంచెం తడబడేవారు.

ఇక నేను. అక్కకి ఒక్కగానొక్క తమ్ముణ్ణి, పేరు ప్రభాకర్. సాయం చేస్తానని మా ఊరు కె.కోటపాడు నుంచి దిగాను. అంతకుముందు విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ల దుకాణంలో నెల్లాళ్ళు నిలబడ్డాను. కూర్చోనివ్వలేదు కాబట్టి నిలబడ్డాను. అక్కడ చెవిన పడ్డ ప్రతి ఇంగ్లీషు మాటకీ అర్థం నేనే కల్పించుకుని, మూట కట్టుకుని చోడవరం తెచ్చాను. మా వీధిలో వోల్టేజీ పడిపోయేది గానీ నా ధైర్యం ఎప్పుడూ పడిపోలేదు.

మాస్టారికి కంప్యూటర్ల మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. అవి కరెంటు తింటాయి. ఆయన గుమ్మం పక్కన మీటరు కింద కుర్చీ వేసుకుని, అద్దం వెనక తిరిగే చక్రాన్ని కాపలా కాసేవారు.

"ఒరే ప్రభాకరూ, సక్రం సూడరా. ఎర్ర గీత ఇలగొచ్చి అలగెళిపోతంది. ఇన్నేళ్ళు టైపు నేర్పేను, నా మిషన్ల వల్ల ఇది ఒక్క సుట్టు తిరిగిందేటి?"

"మావయ్యా, కంప్యూటరంటే ఏటి? ఒక టీవీ, ఒక టైపు మిషను. టైపు మిషనుకి కరెంటు అక్కర్లేదని మీరే అంటన్నారు. మరింక తినేది టీవీ ఒక్కటే కదేటి?"

మాస్టారు వేళ్ళ మీద లెక్కేసి చూసుకున్నారు. ఈ లెక్కలో తప్పెక్కడుందో ఆయనకి దొరకలేదు. నాకూ దొరకలేదు.

"మరి ఆ ఇంటర్నెట్టో?"

"అది ఫోను మీద వస్తాది. దాని కరెంటు ఫోనోళ్ళు పెట్టుకుంటారు. మనకేటి?"

నిజానికి మా కష్టం చక్రంతో కాదు, ఎదురు వరసలో ఉన్న అప్పలనాయుడు పిండిమిల్లుతో. ఆయన మోటారు వేశాడంటే మా తెర మీద బొమ్మ నాలుగు పక్కల నుంచీ కుంచించుకుపోయి పోస్టుకార్డంత అయ్యేది. పక్కన వెల్డింగు రమణ కూడా అందుకున్నాడంటే కంప్యూటర్లు మూడూ టప్పున ఆరిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టేవి. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు కదా. మా వీధిలో దాన్ని మార్చేసి "బల్బుకి వోల్టేజీ లేదు, అక్కకి ఇంటర్నెట్టు" అనేవారు.

ఆ ఇంటర్నెట్టు నా రాజ్యం. విశాఖపట్నం నంబరుకి డయల్ చేస్తే మోడెం కాసేపు కీచుమని, కాసేపు గరగరమని, ఎప్పటికో తగులుకునేది. అది తగులుకున్నంతసేపూ ఇంట్లో ఫోను పనిచేయదు. నేను పొద్దస్తమానం తగిలించే ఉంచేవాణ్ణి. ఎందుకంటారా? ఈమెయిళ్ళ కోసం. మాకు తెలిసినవాళ్ళలో ఈమెయిల్ ఉన్నది నాకొక్కడికే. అందుచేత నాకు నేనే ఉత్తరం రాసుకుని, అందిందో లేదో చూసుకుని, అందినట్టు మర్యాదగా జవాబు రాసుకునేవాణ్ణి.

ఇంత రద్దీగా ఉన్న మా ఫోనుకి విజయవాడ హెడ్డాఫీసు వాళ్ళు ప్రయత్నించి ప్రయత్నించి, చివరికి మేము దరఖాస్తులో రాసిన ఎదురింటి నంబరుకి చేశారు. ఎదురింటి మాణిక్యమ్మ పిన్ని చేతిలో చేటతోనే పరిగెత్తుకొచ్చింది.

"సువార్తా! ఒసే సువార్తా! ఇజీవాడ నుంచి ఫోనొచ్చిందే. రేపు ఇనస్పెక్సనట! మెయిల్లో వస్తందట!"

అక్క చెయ్యి కడుక్కోకుండానే బయటికొచ్చింది. "ఇంకేటన్నారు పిన్నీ?"

"పదకొండింటికి అనకాపల్లిలో దిగుతందట. మీరు రిసీవ్ సేసుకోవాలట. అంతే. ముక్క పొల్లుపోకుండా అప్పసెప్పీసేను."

అక్క నా వైపు చూసింది. నా జీవితంలో నేను ఎదురుచూసిన క్షణం అదే. ఆ పక్కన మాస్టారు కుర్చీలోంచి ఏదో మొదలెట్టారు. "ఒరే, మెయిలంటే మా రోజుల్లోన..."

"మీ రోజులు వేరు మావయ్యా," అని కట్టె విరిచినట్టు చెప్పి, అక్కకి వివరించాను. "ఈమెయిల్. తనిఖీ ఈమెయిల్లో సేస్తారన్నమాట."

"అనకాపల్లిలో దిగడమేట్రా మరి?"

"మన ఫోను లైను ఎలగెళ్తంది? అనకాపల్లి మీదుగానే కదా. విజయవాడలో బయల్దేరిన మెయిలు ముందు అనకాపల్లిలో దిగుతాది. దిగడాన్నే ఇంగ్లీషులో డౌన్‌లోడ్ అంటారు. డౌన్ అంటే కిందకి."

"రిసీవ్ సేసుకోవడం?"

"రిసీవ్ అని బటనుంది. నొక్కుతాను."

"మనుషులొస్తారనుకున్నాన్రా," అంది అక్క అనుమానంగా. "ఓ పాలి ఫోన్ సేసి అడుగుదాం."

"అడిగితే ఏటనుకుంటారు? మెయిలంటే తెలీనోళ్ళు కంప్యూటర్ సెంటరు ఎలా నడుపుతారు అనుకోరా?"

ఆ మాటతో అక్క నోరు మూతపడింది. నేను అన్న మాట నిజం కూడా. మెయిలంటే తెలియనివాడు ఒకడు ఆ సెంటర్లో ఉన్నాడు. వాడే మాట్లాడుతున్నాడు.

మర్నాడు పొద్దున్నే నా యుద్ధం మొదలైంది. తనిఖీ మెయిలు దిగే వేళకి మిల్లు మోటారు తిరిగి కంప్యూటర్ ఆరిపోయిందా, అక్క బతుకు ఆరిపోయినట్టే. వీధి మొదట్లో నిలబడి అందర్నీ పిలిచాను. అప్పలనాయుడు పిండి కొట్టుకున్న మీసాలతో వచ్చాడు. రమణ నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని వచ్చాడు. మాణిక్యమ్మ పిన్ని, ఆవిడ వెనక ఆడవాళ్ళంతా వచ్చారు.

"ఒక గంట," అన్నాను. "ఒక్క గంట ఎవరూ కరెంటు వాడొద్దు. మా కంప్యూటరుకి విజయవాడ నుంచి మెయిలొస్తంది."

"మెయిలంటే ఏటి బాబూ?" అప్పలనాయుడు అడిగాడు.

"కరెంటులో వచ్చే ఉత్తరం నాయుడుగారూ."

"దార్లో కరెంటు పోతేనో?"

"అక్కడే ఆగిపోతాది."

"ఎక్కడ, స్తంభం మీదేనా?" అన్నాడాయన తలెత్తి తీగల వైపు చూస్తూ. "కాకెత్తుకుపోతే?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. కానీ జవాబు తెలియకపోవడం నన్ను ఎప్పుడూ ఆపలేదు. "కాకికి షాక్ కొడతాది," అన్నాను. అందరూ తృప్తిపడ్డారు.

"మరి ఒక్క కంప్యూటరు ఇంత కరెంటు తింటాదేటి?" అని రమణ అడిగాడు. "మా వెల్డింగు కన్నానా?"

"తినేది కొంచెమే. కానీ అది వేడివేడిగా తినాలి. మీరందరూ వాడితే దానికి చల్లారిన కరెంటు వస్తంది."

రమణ వెల్డింగు చేసి బతికేవాడు. కరెంటు చల్లారదని వాడికి తెలిసే ఉంటుంది. కానీ నేను చెప్పిన ధాటికి వాడు తన వృత్తినే శంకించుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు పెద్దదైతే ఊరంతా ఉక్క.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. వాళ్ళు ఆపింది నా మాటల వల్ల కాదు, అక్క మీద ప్రేమ వల్ల. "మన సువార్త సెంటరుకి గుర్తింపు రావాల బాబూ," అంటూ అప్పలనాయుడు తానే వెళ్ళి మోటారు ఆపాడు. రమణ షెడ్డు మూశాడు. ఆడవాళ్ళు మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు ఆపేశారు. సగం రుబ్బిన పప్పుతో ఒకావిడ రోలు వెతుక్కుంటూ పోయింది.

"మా ఫోను కూడానేటి?" అంది మాణిక్యమ్మ పిన్ని.

"ఫోనూ కరెంటే కదా పిన్నీ. రిసీవరు తీసి పక్కనెట్టీ."

ఆవిడ తీసి పక్కన పెట్టేసింది. మా ఫోను ఎలాగూ ఇంటర్నెట్టుకి తగిలించే ఉంది. అంటే ఆ వేళ మమ్మల్ని పిలవాలనుకున్నవాడికి దేవుడు తప్ప వేరే దారి లేకుండా చేశానన్నమాట.

అక్క గదిలో అటూ ఇటూ తిరుగుతూ పిల్లలకి పాఠాలు మళ్ళీ మళ్ళీ అప్పజెప్పిస్తోంది. "నువ్వుంటే నాకు టెన్సనక్కా," అన్నాను. "పిల్లల్ని తీసుకుని చర్చికెళ్ళి ప్రార్థన సేసుకో. టెక్నికల్ సంగతి నాకొగ్గెయ్."

పాపం, వదిలేసింది. పిల్లల్ని వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళింది.

పదకొండయింది. నేను రిసీవ్ బటను మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కాను. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. ముందు రోజు నాకు నేను రాసుకున్న శుభాకాంక్షలు వచ్చాయి. వీధి నిశ్శబ్దంగా ఉంది. మిల్లు చప్పుడు లేని మా వీధి నాకే కొత్తగా ఉంది. "వచ్చిందా బాబూ?" అని అరుగుల మీంచి అడుగుతున్నారు. "అనకాపల్లిలో ఉంది!" అని నేను కేకేస్తున్నాను. ఆ మాట మాత్రం అక్షరాలా నిజమని తరవాత తెలిసింది.

పన్నెండు దాటాక వీధిలో ఆటో ఆగింది. అందులోంచి, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు కూర్చున్నట్టున్న జనం మధ్యనుంచి, ఇద్దరు పెద్దమనుషులు ఊడిపడ్డారు. ఒకాయన లావుగా, చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉన్నారు. రెండో ఆయన సన్నగా, చంకలో ఫైలుతో ఉన్నారు. లావుపాటాయన తిన్నగా మా గుమ్మంలోకి వచ్చి పైకి చూసి అడిగిన మొదటి మాట ఇది.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాం. మీటరు ఎక్కడుందండీ?"

చదివేవారు గమనించాలి. కంప్యూటర్ల తనిఖీ మెయిల్లో వస్తోంది. మరి మనుషుల రూపంలో వచ్చి మీటరు అడిగే తనిఖీ ఏమిటి? కరెంటు వాళ్ళది! మా కంప్యూటర్లు నడుస్తున్నది ఇంటి మీటరు మీద. షాపు మీటరుకి అక్క దరఖాస్తు పెట్టింది గానీ అది ఇంకా రాలేదు. పట్టుకుంటే కనెక్షన్ పీకేస్తారు. సరిగ్గా మెయిలు దిగే వేళకి!

"ఒక్క నిమిషం సార్, గది సర్దుతాను," అని లోపలికి దూకి, మంచం మీది దుప్పట్లు మూడు లాగి కంప్యూటర్లు మూడింటి మీదా కప్పేశాను. గోడవార ఉన్న టైపు మిషన్లు ముందుకి లాగాను. "మావయ్యా, కరెంటోళ్ళు! కూకుని టైపు కొట్టండి!"

మాస్టారికి అంతకంటే మంచి మాట ఆ ఏడాదిలో ఎవరూ చెప్పలేదు. యువకుడిలా లేచి వచ్చి టకటకటక మొదలెట్టారు.

పెద్దమనుషులిద్దరూ లోపలికి వచ్చారు. "ఎన్ని కంప్యూటర్లున్నాయి?" అన్నారు లావుపాటాయన.

"కంప్యూటర్లా? అబ్బే, ఇది టైపు ఇన్‌స్టిట్యూటండి."

"బయట కంప్యూటర్ సెంటర్ అని బోర్డుందే?"

"అది రాబోయే బోర్డండి. బోర్డు ముందొచ్చింది, కంప్యూటర్లు వెనకొస్తాయి."

ఆయన సన్నపాటాయన వైపు చూశారు. సన్నపాటాయన ఫైలు వైపు చూశారు. "మూడు కంప్యూటర్లు, ఒక మోడెం అని దరఖాస్తులో రాశారండి," అన్నారాయన. కరెంటోళ్ళ దగ్గర మా కంప్యూటర్ల లెక్క ఎందుకుందని నాకు అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. షాపు మీటరు దరఖాస్తులో అక్క రాసి ఉంటుందనుకున్నాను. నిజాయితీపరులతో ఇదే చిక్కు అని లోపల విసుక్కున్నాను కూడా.

"ఆ దుప్పటి కింద ఏదో వెలుగుతోంది, ఏమిటది?"

"క్రిస్మస్ స్టారండి."

"మే నెల్లోనా?"

"మేం క్రిస్టియన్సండి. ముందే సేయించుకుంటాం."

సరిగ్గా అప్పుడు, దుప్పటి కింద, ఇంటర్నెట్టు తెగిపోయి తనంతట తానే మళ్ళీ డయల్ చేయడం మొదలెట్టింది. టిక్కుటిక్కులు, కీచుమని ఒక కూత, దాని వెనక గరగరగర. లావుపాటాయన ఒకడుగు వెనక్కి వేశారు.

"ఆ చప్పుడేమిటయ్యా?"

"మా మావయ్యకి ఉబ్బసమండి."

మాస్టారు టైపు ఆపి నన్ను కొరకొరా చూశారు. మోడెం ఇంకా గరగరమంటోంది. నా కళ్ళలో ఏం కనిపించిందో, ఆయన చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని దగ్గడం మొదలెట్టారు. మోడెం ఆగిపోయాక కూడా కాసేపు దగ్గారు. ఎప్పుడు ఆపాలో నేను ముందు చెప్పలేదు.

"బాగా పెరిగిపోయినట్టుంది," అన్నారు లావుపాటాయన జాలిగా. తరవాత నిట్టూర్చి, "సరే, కంప్యూటర్లు లేవని రాసుకుని వెళ్ళిపోతాం," అన్నారు.

"రాసుకోండి సార్!" అన్నాను ఆనందం పట్టలేక. "ఒక్కటి కూడా లేదని గట్టిగా రాసుకోండి. కావాలంటే నేను సంతకం పెడతాను. మజ్జిగ తాగుతారా?"

మజ్జిగ గ్లాసులు వాళ్ళ చేతుల్లో ఉండగా అక్క పిల్లలతో చర్చి నుంచి వచ్చింది. దుప్పట్లు చూసింది. ముందుకొచ్చిన టైపు మిషన్లు చూసింది. "ఎవరీళ్ళు?" అంది.

"కరెంటోళ్ళక్కా," అని చెవిలో చెప్పాను. "కంప్యూటర్లు లేవని సెప్పి పంపీస్తన్నాను."

నేను చెవిలో చెప్పినా నా గొంతు వీధికంతా వినిపిస్తుంది. లావుపాటాయన గ్లాసు కింద పెట్టారు. "కరెంటువాళ్ళం కాదమ్మా. విజయవాడ హెడ్డాఫీసు నుంచి వచ్చాం, మీ సెంటరు చూడ్డానికి. మెయిల్లో వస్తున్నాం, అనకాపల్లిలో దిగుతాం, రిసీవ్ చేసుకోండి అని నిన్న ఫోన్ చేసి చెప్పాం కదా. ఎవరూ రాలేదు. స్టేషన్లోంచి మీకు ఫోన్ చేస్తే ఎంగేజు, ఎదురింటికి చేస్తే ఎంగేజు. ఆ ఆటోలో పడి వచ్చాం. గుర్తింపుకి షాపు మీటరు ఉండాలి, అందుకే రాగానే మీటరు అడిగాం."

మాట్లాడకుండా ఉండాల్సిన వాళ్ళలో మొదటివాణ్ణి నేను. అయినా అడిగాను.

"మెయిల్లో మనుషులెలా వస్తారండి?"

"టిక్కెట్టు కొనుక్కుని," అన్నారాయన.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "మెయిలంటే రైలుబండిరా! మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే బండి! నేను నిన్న నోరు తెరిస్తే మూయించీసేవు!"

నేను అక్క ముఖం చూశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. అక్క కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఎన్ని ఆదివారాలు నిలబడి ప్రార్థించిందో, ఆ ప్రార్థన రైలెక్కి వస్తే నేను మజ్జిగ పోసి సాగనంపుతున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు నవ్విస్తూ రాస్తున్నాను గానీ, ఆ నిమిషం తలుచుకుంటే ఈనాటికీ చెవులు వేడెక్కుతాయి.

అక్క కళ్ళు తుడుచుకుని, దుప్పట్లు ఒక్కొక్కటే లాగి మడత పెట్టింది. "తప్పయిపోయింది సార్. ఇవే మా కంప్యూటర్లు. దయచేసి చూడండి," అంది.

లావుపాటాయన కుర్చీలో కూలబడ్డారు. "చూస్తాంగానీ, ముందు ఆ ఫ్యాను వేయండమ్మా. వీధంతా విసనకర్రలే కనిపిస్తున్నాయి. ఈ ఊళ్ళో కరెంటు అసలుంటుందా? కరెంటు లేని చోట మేం గుర్తింపు ఎలా ఇస్తాం?"

ఇంకెవడైనా అయితే ఇక్కడ ఊరుకునేవాడు. నాకు మాత్రం, చెడగొట్టినవాణ్ణి నేనే కాబట్టి బాగుచేయాల్సిందీ నేనే అనిపించింది. మా వీధిలో కరెంటుకి లోటు లేదని వీళ్ళకి చూపించాలి! గుమ్మంలోకి పరిగెత్తి, రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని అరిచాను.

"అయిపోయింది! అందరూ వేసుకోండి! అన్నీ వేసుకోండి!"

గంటకి పైగా చెమటలు కక్కిన వీధి అది. ఆ కేక కోసమే కాచుకుని ఉంది. అప్పలనాయుడు మోటారు లాగాడు. రమణ వెల్డింగు అంటించాడు. మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, టీవీలు, నీళ్ళ పంపులు, అన్నీ ఒక్కసారే అందుకున్నాయి. మా ఫ్యాను రెండు చుట్లు తిరిగింది. తెర మీద బొమ్మ పోస్టుకార్డంత అయింది, తరవాత స్టాంపంత అయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఢామ్మని పేలింది.

మిల్లు మూలుగుతూ ఆగిపోయింది. అప్పుడు మాత్రం నిజంగానే కరెంటు లేదు.

"వచ్చిందా బాబూ మెయిలు?" అని అప్పలనాయుడు వీధిలోంచి అడిగాడు.

సన్నపాటాయన ఫైలు మూశారు. లావుపాటాయన లేవబోయారు. అప్పుడు అక్క బల్ల మీద సుద్దముక్క తీసుకుంది. "కూకోండర్రా," అంది పిల్లలతో. తలుపు బార్లా తెరిచి, ఆ వెలుతురులో నల్లబల్ల మీద కీబోర్డు గీసి పాఠం మొదలెట్టింది. ఫైలు ఎలా దాచాలి, పేరు ఎలా పెట్టాలి, పోయినదాన్ని ఎలా వెతకాలి అని అడుగుతుంటే పిల్లలు పోటీపడి చెప్పారు. లావుపాటాయన మళ్ళీ కూర్చుని, తానూ ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఒక్క ప్రశ్నకి కూడా పిల్లలు తడుముకోలేదు. ఆఖరికి ఆయన ముందు వరసలో ఉన్న అమ్మాయిని అడిగారు.

"చెప్పమ్మా, కంప్యూటరు ఎక్కువ కరెంటు తింటుందా?"

"లేదు సార్," అంది ఆ గుంట లేచి నిలబడి. "కంప్యూటరు తినేది తక్కువే. ప్రభాకరన్నయ్య దగ్గరుంటేనే ఎక్కువవుతాది."

లావుపాటాయన పొట్ట ఊగేలా నవ్వారు. సన్నపాటాయన ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. దగ్గడం కూడా మరిచిపోయి మాస్టారు నవ్వారు. అక్క నవ్వలేదు, లావుపాటాయన నోటి వంకే చూస్తోంది.

"నీకు చెప్పడం వచ్చమ్మా, నీ పిల్లలకి నేర్చుకోవడం వచ్చు," అన్నారాయన. "షాపు మీటరు పెట్టించు, గుర్తింపు ఇచ్చేస్తాం. కరెంటున్నప్పుడు మిషన్లు చూడ్డానికి ఇంకోసారి వస్తాం. కానీ ఒక్క షరతు. మేం వచ్చే రోజున ఈ అబ్బాయిని ఎక్కడికైనా పంపించెయ్యాలి."

"ఎక్కడికి సార్?" అంది అక్క, ముఖం వెలిగిపోతుండగా.

ఆయన నన్ను ఆపాదమస్తకం చూసి, "ఎక్కడికైనా సరే. మెయిలెక్కించు," అన్నారు.

షాపు మీటరు వచ్చింది, గుర్తింపూ వచ్చింది. వాళ్ళు రెండోసారి వచ్చినప్పుడు నేను కె.కోటపాడులో, ఏ స్విచ్చుకీ అందనంత దూరంలో, జీడితోట కాపలా కాస్తున్నాను. అందుచేత ఇదిగో, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ సాక్షిగా, అందులో నా కారణంగా అకాలమరణం పొందిన ఫ్యూజు ఆత్మశాంతి కోసం చేస్తున్న ప్రమాణం: ఈ జన్మలో ఎవరైనా "మెయిల్లో వస్తోంది" అంటే, "చదవాలా, ఎదురెళ్ళాలా?" అని అడగనిదే నేను ఇంకొక మాట మాట్లాడను.